చూడ చూడ: రెండు పద్యాలను పోల్చి రాయడం గురించి

(చిక్కడపల్లిలో ఒక ఆదివారం పొద్దున పదో తరగతి పిల్లలు, వాళ్ళ తల్లిదండ్రులు, కొందరు తెలుగు టీచర్ల ముందు ఒక రిటైర్డ్ తెలుగు మాస్టారు మాట్లాడిన మాటలివి. రికార్డింగ్ విని రాసింది. సభలోవాళ్ళ మాటలు అవసరమైన చోట మాత్రమే ఉంచాం.)

అందరికీ నమస్కారం. వెనకదాకా వినిపిస్తోందా? ఆ ఫ్యాను కొంచెం తగ్గించండి బాబూ, కాగితాలు ఎగిరిపోతున్నాయి. మార్చిలో పరీక్షలు, సంక్రాంతి సెలవులు మొన్ననే అయిపోయాయి, ఇంకా ఒంట్లోంచి అరిసెలు దిగలేదు. అయినా ఆదివారం పూట ఇంతమంది వచ్చారంటే టెన్షన్ బాగానే ఉందన్నమాట. పిల్లలకంటే అమ్మానాన్నలకే ఎక్కువున్నట్టుంది. (నవ్వులు)

ముందు ఒక పద్యం అందాం. మీకందరికీ వచ్చిందే. నాతో పాటు అనండి.

ఉప్పు కప్పురంబు నొక్క పోలిక నుండు
చూడ చూడ రుచుల జాడ వేరు
పురుషులందు పుణ్య పురుషులు వేరయా
విశ్వదాభిరామ వినురవేమ

బాగుంది. నువ్వు లే నాన్నా, రెండో వరసలో చివర. భావం చెప్పు.

(ఒక అబ్బాయి: ఉప్పు, కర్పూరం చూడటానికి ఒకేలా ఉంటాయి. వాటి రుచులు మాత్రం వేరుగా ఉంటాయి. అలాగే మనుషులందరూ ఒకేలా కనిపించినా వారిలో పుణ్యపురుషులు వేరు అని వేమన చక్కగా చెప్పాడు సార్.)

శభాష్. తప్పేమీ లేదు. కూర్చో. ఈ జవాబు మన ఊళ్ళో ఏ గైడు తెరిచినా ఉంటుంది, కోఠీలో పాత పుస్తకాల బండి మీద పాతిక రూపాయలకు దొరికే గైడులో కూడా ఉంటుంది. నాకు అందులో ఒక్క మాట మీదే కోపం. 'చక్కగా చెప్పాడు'. ఏది చక్కగా? ఎలా చక్కగా? అక్కడే మన పని మొదలవ్వాలి, కానీ మనం అక్కడే ఫుల్‌స్టాప్ పెట్టేస్తాం.

రెండో పాదం మళ్ళీ చూడండి. 'చూడ చూడ' అన్నాడు. రెండు సార్లెందుకు? గణాల కోసం అంటారు కొందరు. సరే, గణాలు నిండాలి. కానీ వేమనకు అక్కడ పెట్టడానికి ఇంకో మాట దొరక్క కాదు కదా. మీ వంటింట్లోకి వెళ్ళండి. అమ్మ పప్పు గరిటెతో మీ అరచేతిలో కాస్త వేసి ఏమంటుంది? 'ఉప్పు చూడు' అంటుంది. కళ్ళతో చూడమనా? నాలుకతో. తెలుగులో మనం రుచిని చూస్తాం. కాబట్టి మొదటి 'చూడ' కంటిది, రెండో 'చూడ' నాలుకది అని చదువుకోవచ్చు. కంటితో చూసినప్పుడు రెండూ తెల్లగా ఒకటే. నాలుక మీద వేసుకుని చూసినప్పుడు తేడా తెలుస్తుంది. మనిషి విషయంలోనూ అంతే, దూరం నుంచి చూడటం ఒకటి, దగ్గరకొచ్చి రుచి చూడటం ఇంకొకటి.

వేమన ఇదే అనుకుని రాశాడా అని అడక్కండి. మాట పద్యంలో ఉంది. వాడుక మన భాషలో ఉంది. రెండూ కలిపి చూపించారంటే మీ జవాబు నిలబడుతుంది. దీన్నే విశ్లేషణ అంటాం. భావం అంటే పద్యం ఏమందో చెప్పడం. విశ్లేషణ అంటే ఆ మాటే ఎందుకంది, ఇంకో మాట అని ఉంటే ఏం పోయేది అని అడగడం.

మీ ముందు ఒక తప్పు ఒప్పుకోవాలి. నేను చాలా ఏళ్ళు స్పాట్ వాల్యుయేషన్‌కి వెళ్ళాను. మధ్యాహ్నం భోజనం అయ్యాక, ఇంకా కట్టలు మిగిలుండగా, గైడులోని వాక్యాలు వరసగా కనబడితే ప్రాణానికి హాయిగా ఉండేది. టిక్కు, టిక్కు, టిక్కు, మార్కులు. ఎవరో ఒక పిల్ల సొంతంగా ఏదో రాస్తే ఆగి చదవాల్సి వచ్చేది, అది బరువుగా అనిపించేది. ఒకసారి అలాంటి పేపరు నేను తొందరలో రెండు మార్కులు తగ్గించి వేశాను. రాత్రి ఇంటికొచ్చి పడుకున్నాక ఆ పిల్ల రాసిన వాక్యం గుర్తొచ్చింది. అది సరైందే. అప్పటికి కట్ట సీలు పడిపోయింది. అందుకని ఇక్కడున్న టీచర్లకు చెప్తున్నా, పిల్లలు గైడు ఎందుకు బట్టీ పడుతున్నారని మనం వాళ్ళను తిట్టే ముందు మన ఎర్రపెన్ను వైపు ఒకసారి చూసుకోవాలి.

సరే, పోలిక సంగతి. ఇప్పుడు ఇంకో వేమన పద్యం. ఇదీ మీకొచ్చిందే.

అల్పుడెపుడు పల్కు నాడంబరముగాను
సజ్జనుండు బల్కు చల్లగాను
కంచు మ్రోగినట్లు కనకంబు మ్రోగునా
విశ్వదాభిరామ వినురవేమ

ఈ రెండు పద్యాలను పోల్చమన్నారనుకోండి. నా అనుభవంలో పదిమందిలో తొమ్మిదిమంది ఏం చేస్తారంటే, మొదటి పద్యం భావం ఒక పేరా, రెండో పద్యం భావం ఒక పేరా, మూడో పేరాలో 'ఈ రెండు పద్యాలూ మంచివారి గొప్పతనాన్ని తెలియజేస్తున్నాయి'. అయిపోయింది. ఇద్దరు పెళ్ళికొడుకుల ఫోటోలు పక్కపక్కన పెట్టి ఇద్దరూ మగవాళ్ళే అన్నట్టుంటుంది అది.

మరేం చేయాలి? రెండు పద్యాలనూ ఒకే ప్రశ్న అడగాలి. రెండు ప్రశ్నలు కాదు, ఒకే ఒక్కటి. ఉదాహరణకు, మనిషి ముందొచ్చాడా, వస్తువు ముందొచ్చిందా? చూడండి. మొదటి పద్యంలో ఉప్పు, కర్పూరం రెండు పాదాలు ఆక్రమించాయి. మనిషి మూడో పాదంలో గాని రాలేదు. రెండో పద్యంలో మనుషులు ముందొచ్చారు, కంచు, కనకం మూడో పాదంలో వచ్చాయి. తిరగేశాడు. ఎందుకు తిరగేశాడు?

ఉప్పు పద్యంలో చెప్పేది మోసపోవడం గురించి. చూడటానికి ఒకటే అనిపించడం ముందు మనకు జరగాలి, తర్వాత 'అయ్యో, మనుషులతోనూ ఇంతే కదా' అని తట్టాలి. అందుకని వస్తువు ముందు. కంచు పద్యంలో మోసం లేదు. అల్పుడు ఎవడో వాడు నోరు తెరవగానే తెలిసిపోతుంది. ఉన్న మాట చెప్పేసి, నమ్మరా, అయితే కంచు కొట్టి చూడండి అన్నాడు. అందుకని మనిషి ముందు, సాక్ష్యం తర్వాత. ఒక పద్యంలో పోలిక ఉచ్చులాగా పనిచేస్తోంది, ఇంకోదాంట్లో సాక్ష్యంలాగా. ఇంకో సంగతి. ఒకటి కంటికి, నాలుకకు సంబంధించింది, రెండోది చెవికి. 'ఆడంబరముగాను' అనండి ఒకసారి. నోరంతా నిండిపోయింది కదా. 'చల్లగాను' అనండి. చల్లగా ఉంది. ఆ మాటలు కూడా వాటి అర్థం ప్రకారమే నడుచుకుంటున్నాయి.

ఇదంతా మొదటి పద్యాన్ని ఒంటరిగా వందసార్లు చదివినా నాకు కనబడలేదు. రెండోది పక్కన పెట్టాకే కనబడింది. పోలిక ప్రశ్న పరీక్షలో ఇచ్చేది అందుకే అని నా అభిప్రాయం. మీ పోలికలో అలాంటిది ఒక్కటైనా బయటపడకపోతే రెండు పద్యాలు కలిపి ఇచ్చి ప్రయోజనమేముంది? విడివిడిగా ఇస్తే పోయేది.

అలంకారం పేరు రాయాలా సార్ అని అడుగుతారు. రాయండి. దృష్టాంతం అయితే దృష్టాంతం అనండి. కానీ అలంకారం పేరు రాసి ఆగిపోతే డాక్టరు చీటీ మీద జబ్బు పేరు రాసి మందు రాయకుండా పంపినట్టుంటుంది. ఆ పేరు తర్వాత 'అందువల్ల' అనే మాట రావాలి. గణ విభజన, లక్షణాలు వేరే ప్రశ్నలో అడుగుతారు, అక్కడ రాసుకోండి.

ఇప్పుడు అసలు జంటకు వద్దాం. ఇవాళ నేను మాట్లాడాలనుకుని వచ్చింది దీని గురించే, మిగతాదంతా ఉపోద్ఘాతం. పదో తరగతిలో 'దానశీలము' పాఠం ఉంది కదా, పోతన భాగవతం ఎనిమిదో స్కంధం, వామన చరిత్ర. మన జనగామ జిల్లా బమ్మెర పోతన. వచ్చింది మామూలు వడుగు కాదు, విష్ణువు, ఇవ్వకు, సర్వం పోతుందని శుక్రాచార్యుడు బలి చక్రవర్తిని హెచ్చరిస్తాడు. బలి జవాబిది.

కారే రాజులు రాజ్యముల్ గలుగవే గర్వోన్నతిం బొందరే
వారేరీ సిరి మూటగట్టుకొని పోవంజాలిరే భూమిపై
బేరైనం గలదే శిబిప్రముఖులుం బ్రీతిన్ యశఃకాములై
యీరే కోర్కులు వారలన్ మరచిరే యిక్కాలమున్ భార్గవా

దీని పక్కన వేమన పద్యం పెడదాం.

ధనము కూడబెట్టి దానంబు చేయక
తాను తినక లెస్స దాచుకొనగ
తేనెటీగ గూర్చి తెరువరి కియ్యదా
విశ్వదాభిరామ వినురవేమ

'తెరువరి' అంటే ఎవరో తెలుసా? తెలీదా? బతుకుతెరువు అంటారు కదా ఇంట్లో. తెరువు అంటే దారి. తెరువరి అంటే దారిన పోయేవాడు. ఈ మాట నాకూ మీ వయసులో తెలీదు. సుల్తాన్ బజార్‌లో శ్రీకృష్ణదేవరాయాంధ్ర భాషా నిలయం ఉంది, 1901లో పెట్టింది. అక్కడ కూర్చుని నిఘంటువులో వెతికి పట్టుకున్నాను. వెతికిన మాట మర్చిపోం, మాస్టారు చెప్పిన మాట మధ్యాహ్నానికి పోతుంది.

పోతన పద్యం నేను ఇందాక రాగం తీయకుండా చదివాను, గమనించారా? మన పద్యాలకు రాగం అందమే. కానీ విశ్లేషణకు కూర్చున్నప్పుడు ఒక్కసారైనా రాగం లేకుండా, మామూలుగా మాట్లాడినట్టు చదవండి. రాగంలో ప్రశ్నలు కరిగిపోతాయి. ఇందులో ఎన్ని ప్రశ్నలున్నాయి? లెక్కపెట్టండి. ఎనిమిది. నాలుగు పాదాల్లో ఎనిమిది. నేను ఒక్కొక్కటీ అడుగుతాను, మీరు జవాబు చెప్పండి.

రాజులు కాలేదా? (సభ: అయ్యారు.) రాజ్యాలు కలగలేదా? (కలిగాయి.) గర్వంతో ఉప్పొంగలేదా? (పొంగారు.) వాళ్ళేరీ?

(కాసేపు ఎవరూ మాట్లాడలేదు.)

చూశారా. మూడు ప్రశ్నలకు గట్టిగా అరిచారు, నాలుగోదానికి నోరు పెగల్లేదు. ఎందుకంటే మొదటి మూడింటికీ జవాబు 'అవును'. నాలుగోదానికి అవునూ లేదు, కాదూ లేదు. ఆ తర్వాత చూడండి. సిరి మూటగట్టుకుని పోగలిగారా? లేదు. భూమ్మీద పేరైనా ఉందా? లేదు. శిబి లాంటివాళ్ళు ప్రీతితో, కీర్తి కోరి అడిగినవి ఇవ్వలేదా? ఇచ్చారు. వాళ్ళను ఈ కాలంలో మరిచారా? మరవలేదు. అవును, అవును, అవును, మౌనం, లేదు, లేదు, ఇచ్చారు, మరవలేదు. పద్యం నడక ఇదీ. ఈ నడక పట్టుకున్నవాడికి ప్రతిపదార్థం బట్టీ పట్టాల్సిన అవసరం ఉండదు, దానంతటదే వస్తుంది.

అందులో 'మూట' చూడండి. రాజులు, రాజ్యాలు, గర్వోన్నతి, అన్నీ పెద్దపెద్ద సంస్కృత పదాలు. ఉన్నట్టుండి మూట. సికింద్రాబాద్ స్టేషన్లో రైలు దిగి నెత్తిన పెట్టుకుంటారే, ఆ మూట. చక్రవర్తుల సిరిసంపదలను పోతన ఒక్క మాటతో నెత్తిమీది మూట చేసేశాడు. అదీ పట్టుకుపోలేకపోయారు. ఆ తర్వాత ఇంకో పద్యంలో 'రాజ్యము గీజ్యమున్ సతతమే' అంటాడు బలి. మనం చాయ్ గీయ్ అంటాం, పుస్తకం గిస్తకం అంటాం, అలా. మూడు లోకాలు ఏలేవాడు తన రాజ్యాన్ని 'రాజ్యం గీజ్యం' అన్నాడంటే అప్పటికే దాన్ని వదిలేశాడు. వామనుడి చేతిలో దానధార పోయడం తర్వాత. నోటితో ముందే ఇచ్చేశాడు.

ఇంకొకటి. ఇది నాకు ఎప్పుడూ ఆశ్చర్యమే. గర్వించిన రాజులకు భూమ్మీద పేరైనా లేదన్నాడు కదా. పద్యమంతా వెతకండి. వాళ్ళ పేరు ఒక్కటైనా ఉందా? లేదు. ఎవరి పేరుంది? శిబి. ఇచ్చినవాడి పేరు ఒక్కటే. అంటే పద్యం తాను చెప్పిన మాటను తానే చేసి చూపించింది. ఈ వాక్యం మీరు పేపర్లో రాస్తే, దిద్దేవాడు నాలాంటి బద్ధకస్తుడైనా సరే, పెన్ను ఆపుతాడు.

ఇప్పుడు వేమన. ఇక్కడ క్రియలు చూడండి. కూడబెట్టి, చేయక, తినక, దాచుకొనగ. వీటిని వ్యాకరణంలో ఏమంటాం? అసమాపక క్రియలు. వాక్యం పూర్తి కాదు వాటితో. 'నేను బజారుకెళ్ళి' అని ఆగితే అవతలివాడు 'ఊఁ, వెళ్ళి?' అంటాడు. లోభి గురించి వేమన రెండు పాదాలు రాశాడు, నాలుగు క్రియలు వాడాడు, ఒక్కటీ పూర్తి కాలేదు. ఈ పద్యానికి సమాపక క్రియ ఎక్కడ దొరికింది? 'ఇయ్యదా'. అది ఎవరిది? తేనెటీగది. లోభి బతుకంతా సగం సగం పనులు, వాక్యం పూర్తి చేసింది ఈగ. (నవ్వులు) నవ్వుతున్నారు గానీ, ఇది వ్యాకరణం పేపర్లో ఒక మార్కు బిట్టు అనుకుని చదివినదే. పద్యం లోపలికి తీసుకొస్తే తాళంచెవి.

మరి రెండింటినీ అడగాల్సిన ఒక్క ప్రశ్న ఏమిటి? నేనైతే ఇది అడుగుతాను: ఎవరు, ఎవరితో, ఏ క్షణంలో మాట్లాడుతున్నారు? బలి తన గురించి తాను మాట్లాడుతున్నాడు. ఇచ్చే ముందు, వద్దంటున్న గురువుతో. వేమన ఎవడో ఇవ్వనివాడి గురించి మనందరితో మాట్లాడుతున్నాడు. సంపద నిలవదనే మాట రెండింట్లోనూ ఉంది. కానీ ఒకచోట అది ధైర్యం, ఒకచోట ఎగతాళి. పేపర్లో అయితే సుమారుగా ఇలా రాస్తాను:

'సంపద శాశ్వతం కాదని ఇద్దరు కవులూ చెప్పారు. అయితే పోతన ఆ మాటను ఇవ్వబోతున్న బలి చేత అనిపించాడు, వేమన ఇవ్వని లోభిని చూపించి అన్నాడు. బలి ఎనిమిది ప్రశ్నలు వేస్తాడు. ప్రతి ప్రశ్నా ఒక పూర్తి వాక్యం, అతనికి మనసులో సందేహం లేదు. వేమన పద్యంలో లోభి చేసే పనులన్నీ కూడబెట్టి, తినక అంటూ సగంలో ఆగిన క్రియలే, వాక్యం తేనెటీగతో గాని పూర్తి కాదు. ఇద్దరూ ప్రశ్నతోనే ముగించారు. కానీ బలి ప్రశ్నకు జవాబు గర్వకారణం, వేమన ప్రశ్నకు జవాబు సిగ్గుచేటు.'

ఇందులో 'చక్కగా', 'అద్భుతంగా' లేవు. కవి పరిచయం లేదు. ప్రతి వాక్యంలో పద్యంలోని మాటో, పద్యం తీరో ఉంది. 'అయితే', 'కానీ' అనే మాటలు ఎక్కడొచ్చాయో చూసుకోండి. పోలిక జవాబుకు కీళ్ళు అవే. అవి మీ జవాబులో లేకపోతే మీరు పోల్చలేదన్నమాట.

ఒకసారి క్లాసులో ఈ పాఠం చెప్తుంటే ఒక అమ్మాయి లేచి, 'సార్, శిబి వాళ్ళు కూడా పేరు కోసమే ఇచ్చారు కదా, యశఃకాములై అన్నాడు, మరి అది దానమెలా అవుతుంది?' అంది. నాకు వెంటనే జవాబు తట్టలేదు. ఇంటికెళ్ళి మళ్ళీ చదివాను. 'ప్రీతిన్' అనీ ఉంది, 'యశఃకాములై' అనీ ఉంది, పక్కపక్కనే. ఇష్టంతోనూ ఇచ్చారు, పేరు కోరీ ఇచ్చారు. పోతన ఏదీ దాచలేదు. ఇక్కడ వేమనను తెచ్చి పెడితే తేడా ఇంకా పదునుగా కనిపిస్తుంది. పోతన ఇస్తే పేరు మిగులుతుందని ఆశ చూపించాడు. వేమన ఆశేమీ చూపించలేదు, ఇవ్వకపోతే ఈగలా మిగిలిపోతావన్నాడు అంతే. నాకు వేమన మాటే ఎక్కువ నమ్మబుద్ధేస్తుంది. మీరు ఒప్పుకోనక్కర్లేదు. ఒప్పుకోకపోతే ఎందుకో రాయండి, దానికీ మార్కులుంటాయి.

ఇక్కడ ఇంటర్నేషనల్ స్కూలు పిల్లలు కూడా కొందరున్నారు, ఇంగ్లీషు లిటరేచర్ వాళ్ళు. మీకూ పనికొచ్చే మాట ఒకటి. మా అక్క మనవడు మాంచెస్టర్‌లో చదువుతున్నాడు. అక్కడ జీసీఎస్ఈ అని పదహారేళ్ళకు రాస్తారు. వాడిది ఏక్యూఏ బోర్డు. అందులో ముందే చదివిన కవితల్లోంచి ఒకటి పేపర్లో అచ్చువేసి ఇస్తారు, దానితో పోల్చాల్సిన రెండో కవితను పిల్లవాడే ఎంచుకుని, గుర్తున్నంత రాయాలి. పుస్తకం చూడకూడదు. 30 మార్కులు. తర్వాత ఎప్పుడూ చూడని కవిత మీద 24, దాన్ని ఇంకో చూడని కవితతో పోల్చడానికి 8. ఆ ఎనిమిది మార్కుల ప్రశ్నలో కవులు ఏం చెప్పారని అడగరు, ఎలా చెప్పారు, ఆ పద్ధతుల్లో పోలికలూ తేడాలూ ఏమిటని మాత్రమే అడుగుతారు. నేను ఇందాకటి నుంచి గొంతు చించుకుంటున్నదీ అదే.

వాడు ఒకరోజు వీడియో కాల్‌లో షెల్లీ రాసిన 'ఓజిమాండియాస్' చదివి వినిపించాడు. 1818లో అచ్చయిన కవిత, పద్నాలుగు పాదాలు. ఎడారిలో విరిగిన రాతి విగ్రహం, కాళ్ళు మాత్రం నిలబడి ఉన్నాయి, ముఖం ఇసుకలో సగం కూరుకుపోయింది. పీఠం మీద నేను రారాజును, నా పనులు చూసి కుమిలిపోండి అని చెక్కి ఉంది. చుట్టూ ఇసుక తప్ప ఏమీ లేదు. వాడు చదువుతుంటే నాకు 'వారేరీ' వినిపించింది. 'ఒరే, దీన్ని మన పోతన నాలుగు పాదాల్లో చెప్పాడురా' అన్నాను. అన్నాక నాకే తప్పనిపించింది. ఒకటే చెప్పారనుకోవడం భావం దగ్గర ఆగిపోవడమే కదా, ఇన్నేళ్ళు చెప్పిన పాఠం నేనే మర్చిపోయాను. షెల్లీ దగ్గర గర్విష్ఠి పేరు మిగిలింది, రాజ్యం పోయింది. ఆ పేరు మిగలడమే అక్కడ నవ్వులాట. పోతన దగ్గర గర్విష్ఠికి పేరు కూడా మిగల్లేదు. ఇద్దరూ ఒకే గోరీ తవ్వారు, ఒకాయన రాయి పెట్టాడు, ఒకాయన పెట్టలేదు. వాడు ఇది వాళ్ళ టీచర్‌కు చెప్పాడట.

పరీక్ష హాల్లో ఏం చేయాలన్నది త్వరగా చెప్పేస్తా, టైమైపోతోంది. పోలిక ప్రశ్న రాగానే రాయడం మొదలుపెట్టొద్దు. ప్రశ్నలో ఏం పోల్చమన్నారో ఆ మాట కింద గీత పెట్టండి. రెండు పద్యాలూ పెదాలు కదిపి చదవండి, శబ్దం రాకుండా, ఇన్విజిలేటర్ చూస్తాడు. రెండింటిలోనూ మీకు వింతగా అనిపించిన మాటలు రెండేసి రఫ్‌లో రాసుకోండి. అర్థంకానివి కాదు, వింతగా అనిపించినవి. ఐదు నిమిషాలు పోతాయి, పోనివ్వండి. కొటేషన్ మొత్తం పద్యం రాయకండి, ఒకటి రెండు మాటలు చాలు.

అపరిచిత పద్యం వచ్చినా అంతే. అర్థంకాని మాట ఒకటుంటే భయపడి ఆగిపోకండి. 'అక్కరకు రాని చుట్టము, మ్రొక్కిన వరమీని వేల్పు' అని సుమతీ శతకంలో ఉంది కదా. తర్వాత 'మోహరమున దా నెక్కిన బారని గుర్రము' అంటాడు. మోహరమంటే యుద్ధమని తెలియకపోయినా నష్టం లేదు. చుట్టానికీ గుర్రానికీ మధ్యలో దేవుణ్ణి నిలబెట్టాడు చూశారా, పనికిరానివాళ్ళ వరసలో. ఆ ధైర్యం గురించి రాయొచ్చు మీరు.

ప్రశ్నలేమైనా ఉంటే అడగండి. అమ్మా, మీరు.

(ఒక తల్లి: సార్, ఇట్ల సొంతంగా రాస్తే దిద్దేటోళ్ళు మార్కులు కట్ చేస్తరేమోనని భయం. గైడ్ల ఉన్నది రాస్తేనే సేఫ్ గదా?)

న్యాయమైన భయమేనమ్మా. ఇందాక నా సంగతి నేనే చెప్పాను, మీకు అబద్ధం ఎలా చెప్తాను. ఒక పని చేయించండి. మొదటి రెండు వాక్యాల్లో పద్యం భావం శుభ్రంగా రాయమనండి. దిద్దేవాడికి టిక్కు పెట్టుకోవడానికి అది దొరుకుతుంది. ఆ తర్వాత సొంత మాట. ఇంటికి ఎవరైనా వస్తే ముందు మంచినీళ్ళిచ్చి కదా తర్వాత మాట్లాడతాం.

ఇంకెవరు? వెనక, ఆకుపచ్చ చున్నీ. అడుగమ్మా. మైకివ్వండి.

(ఒక అమ్మాయి: సార్, తేనెటీగ ఇయ్యదా అన్నడు కదా. కానీ తేనెటీగ తేనె ఇవ్వదు కదా సార్. మనమే పొగపెట్టి గుంజుకుంటం. మరి ఇయ్యదా అని ఎందుకన్నడు?)

మళ్ళీ చెప్పు తల్లీ.

(అమ్మాయి: లోభి ఎవరికీ ఇయ్యలేదు కదా సార్. చివరికి వేరేవాళ్ళు గుంజుకుంటే, అది కూడా ఇచ్చినట్టే అని వేమన ఎక్కిరిస్తున్నడేమో.)

ఆగు ఆగు. దానంబు చేయక, అన్నాడు పైన. కింద ఇయ్యదా అన్నాడు. చేయనన్నవాడి చేతే చేయించాడు, అంతేనా నువ్వనేది? ఇన్నేళ్ళుగా ఈ పద్యం చెప్తున్నాను, 'ఇయ్యదా' దగ్గర నేను ఎప్పుడూ ఆగలేదు. సమాపక క్రియ అని గీత గీసి ముందుకెళ్ళిపోయాను. ఒక్క నిమిషం, ఇది రాసుకోవాలి. పెన్ను ఎవరి దగ్గరైనా ఉందా?